కోటలో నీళ్ళు మోసిందెవరు?

(రాజమండ్రిలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



చరిత్ర గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. కూలిరేట్లు, వరకట్న కేసులు, సారా గొడవలతో ఊపిరి సలపని మీకు కోటలూ రాజులూ ఎందుకని నేను మొదట తటపటాయించాను. కానీ ఆ మధ్య గోల్కొండలో జరిగిన ఒక చిన్న సంఘటన నన్ను వదలలేదు. దానితోనే మొదలుపెడతాను.

కోనసీమ నుంచి వచ్చిన కొందరు వ్యవసాయ కూలీ స్త్రీలతో కలిసి నేను గోల్కొండ చూడటానికి వెళ్ళాను. ఫతే దర్వాజా గుమ్మటం కింద నిలబడి గైడు చప్పట్లు కొట్టాడు. ఆ శబ్దం కొండమీద బాలాహిస్సారు దాకా వినిపిస్తుందని చెప్పాడు. అందరూ ముచ్చటపడి తామూ చప్పట్లు కొట్టారు. తరువాత రామదాసు చెర చూపించాడు. తారామతి, ప్రేమామతుల నాట్యం గురించీ, సుల్తాను మోజు గురించీ రసవత్తరంగా చెప్పాడు. మెట్లెక్కుతూ ఉండగా గోడలో మట్టి గొట్టాలు చూపించి, కింది నుంచి అంచెలంచెలుగా చక్రాలతో నీళ్ళు తోడి పైకి పంపేవారన్నాడు. మా బృందంలో ఒక పెద్దావిడ ఆగిపోయి అడిగింది:

"ఆ చక్రాలు తిప్పినోళ్ళెవరండీ బాబూ?"

గైడు నవ్వి, "ఎద్దులు తిప్పేవమ్మా," అన్నాడు.

"ఎద్దుల్ని తోలినోళ్ళెవరండీ? పైన అంతఃపురంలో కుండల్లోకి వొంపినోళ్ళెవరండీ?"

గైడు దగ్గర జవాబు లేదు. అది అతని తప్పు కాదు. అతనికి నేర్పిన కథలో ఆ ప్రశ్నకు చోటు లేదు. జీవితమంతా బిందె మోసిన మనిషికి మాత్రమే ఆ ప్రశ్న తోచింది. నేను ఎన్నోసార్లు ఆ మెట్లెక్కాను, డాక్టరేటు చేశాను, నాకు తోచలేదు.

విదేశాల్లో కోటలకూ పాత ఊళ్ళకూ వెళితే ఆ కాలపు దుస్తులు వేసుకున్న మనుషులు ఎదురొచ్చి కథ చెబుతారు. వంటమనిషి వేషంలో ఉన్నావిడ పొయ్యి రాజేసి చూపిస్తుంది, కమ్మరి కొలిమి ఊదుతాడు. పాత ఇళ్ళను తరలించి తెచ్చి, ఆ నాటి జీవితాన్ని కళ్ళకు కట్టే ఆరుబయలు ప్రదర్శనశాలను 1891లో స్వీడన్‌లోని స్టాక్‌హోంలో స్కాన్సెన్ పేరిట ప్రారంభించారు. ఆ ఆలోచన చాలా దేశాలకు పాకింది. ఈ పద్ధతిలో ఒక ప్రయోజనం ఉంది. వంటింటిని చూపించాలంటే వంటమనిషిని చూపించక తప్పదు. కానీ ఎవరి వేషం వేయాలి, ఎవరి వేషం దాచాలి అనే నిర్ణయం ఎప్పుడూ అధికారం ఉన్నవాళ్ళ చేతుల్లోనే ఉంటుంది.

అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో విలియమ్స్‌బర్గ్ అనే పాత పట్టణాన్ని ఇలాగే పునరుద్ధరించారు. అక్కడ చాలా ఏళ్ళు దొరల విగ్గులూ, దొరసానుల గౌన్లూ కనిపించేవి గానీ, ఆ పట్టణ జనాభాలో దాదాపు సగం ఉండిన నల్లజాతి బానిసలు కనిపించేవారు కాదు. 1994 అక్టోబరులో అక్కడి నల్లజాతి చరిత్ర విభాగం బానిసల వేలాన్ని బహిరంగంగా ప్రదర్శించింది. ఆ విభాగానికి నాయకత్వం వహించిన నల్లజాతి స్త్రీ క్రిస్టీ కోల్‌మన్ తానే ఒక బానిస స్త్రీ పాత్ర ధరించింది. మా పూర్వుల వేదనను వినోదం చేస్తారా అని నల్లజాతి సంఘాల వాళ్ళు నిరసన తెలిపారు. ఆ నిరసనలోనూ న్యాయం ఉంది, ఆమె పట్టుదలలోనూ న్యాయం ఉంది. బాధను దాచిపెడితే చరిత్ర అబద్ధమవుతుంది. బాధను అమ్మితే మనిషికి అవమానమవుతుంది. ఈ రెంటి మధ్య దారి వెతకడమే మన పని కూడా.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. రాజమండ్రిలో కోటగుమ్మం ఉంది. కోట మాత్రం పేరుగానే మిగిలింది. కోట పోయినా కథ పోలేదు. సారంగధర మెట్టను చూపించి మన పెద్దలు ఏం చెబుతారు? రాజరాజ నరేంద్రుడి చిన్న భార్య చిత్రాంగి సవతి కొడుకు మీద మోజుపడిందనీ, అతను కాదంటే నింద మోపి కాళ్ళూ చేతులూ నరికించిందనీ చెబుతారు. కానీ చరిత్రకు తెలిసిన రాజరాజ నరేంద్రుడి రాణి అమ్మంగదేవి, చోళ రాజేంద్రుని కూతురు. ఆమె కొడుకే తరువాత చోళ సింహాసనమెక్కిన కులోత్తుంగుడు. శాసనాల్లో ఉన్న అమ్మంగదేవి పేరు ఈ ఊళ్ళో ఎందరికి తెలుసు? కావ్యాల్లో, నాటకాల్లో పెరిగిన చిత్రాంగి పేరు తెలియనివాళ్ళెవరు? స్త్రీ కోరికను నేరంగా చూపే కథ ఊరి గుర్తుగా నిలబడింది. రంగస్థలం మీద చిత్రాంగి వేషానికి పేరు తెచ్చినవాడు స్థానం నరసింహారావు, ఒక పురుషుడు. ఆయన కళను నేను తక్కువ చేయడం లేదు. స్త్రీ కథను పురుషుడు రాసి, స్త్రీ వేషం పురుషుడే కట్టి, స్త్రీ ఎలాంటిదో స్త్రీలకు చెప్పిన కాలమది.

దీనికి ఎదురుగా మరో వేషం ఉంది. కాకతి రుద్రమను శాసనాలు రుద్రదేవ మహారాజు అన్నాయి. రాజ్యం చేయాలంటే ఆమె పురుష నామం ధరించవలసివచ్చింది. మన నిడదవోలు చాళుక్య వీరభద్రుడే ఆమె భర్త. 1289 నాటి చందుపట్ల శాసనం ఆమె మరణాన్ని తెలుపుతోంది. సింహాసనం మీద స్త్రీ కూర్చున్నా, సింహాసనం మాత్రం పురుషుడిదిగానే ఉండిపోయింది. పంచాయతీలో మహిళా సర్పంచి పక్కన కూర్చుని సంతకాలు పెట్టించే భర్తలను చూస్తున్న మీకు దీన్ని నేను విడమరచి చెప్పనక్కరలేదు. అదే నిడదవోలు దగ్గర తిమ్మరాజుపాలెంలో కోట సత్తెమ్మ ఉంది. కోటను కాచే తల్లి అని జనం నమ్మకం. రాజుల కోట శిథిలమైంది. కాపలా ఉన్న తల్లికి మాత్రం ఈనాటికీ మొక్కులు చెల్లుతున్నాయి.

ద్రాక్షారామం భీమేశ్వరాలయానికి మీలో చాలామంది వెళ్ళే ఉంటారు. ఆ స్తంభాల మీద, గోడల మీద వందలాది శాసనాలున్నాయి. అఖండ దీపం పెట్టడానికి 50 గొర్రెలను దానమివ్వడం ఆనాటి పరిపాటి. ఇచ్చినవాళ్ళలో రాణులున్నారు, సామాన్య స్త్రీలున్నారు, గుడిలో ఆడిపాడిన సానులున్నారు. సొంత పేరుతో, సొంత ఆస్తితో దానం చేసిన స్త్రీలు వాళ్ళు. ఆ గొర్రెలను తీసుకుని రోజూ నెయ్యి తెచ్చిపోసే బాధ్యత బోయలది. దీపం వెలిగించిన పుణ్యం రాతికెక్కింది. పాలు పితికి, వెన్న తీసి, నెయ్యి కాచిన ఆడవాళ్ళ పేర్లు ఎక్కడున్నాయి?

ఆ ఆటపాటల వారసులే మురమండ వంటి డెల్టా గ్రామాల కలావంతులు. ఈ రాజమండ్రిలోనే వీరేశలింగం గారు 1881లో వితంతు వివాహం జరిపించారు. ఆయనే భోగం మేళాలను ఎదిరించారు. 1947లో మద్రాసు చట్టం గుడికి అంకితమివ్వడాన్ని నిషేధించింది. అంకితం పేరిట జరిగిన దోపిడీ ఆగవలసిందే, సందేహం లేదు. కానీ సంస్కర్తలు మాట్లాడినప్పుడు ఆ స్త్రీలకు మాట దక్కలేదు. వృత్తితోపాటు విద్యనూ, విద్యతోపాటు పేరునూ దాచుకోవలసివచ్చింది. ఈనాడు పర్యాటక ఉత్సవాల్లో అదే నాట్యానికి అందరూ చప్పట్లు కొడతారు. నగలు, జడ, గజ్జెలు అన్నీ వేదికనెక్కుతాయి. అసలు మనుషుల చరిత్ర మాత్రం తెర వెనకే ఉంటుంది. ఆ కుటుంబాల వారిని అడగకుండా వారి వేషం కట్టే హక్కు మనకెక్కడిది?

కాబట్టి కోటలు, గుళ్ళు మనకు పనికిరావని వదిలేయవద్దు. ఉమ్మడి సంస్కృతీ వారసత్వాన్ని కాపాడుకోవడం పౌరుల విధి అని రాజ్యాంగం 51ఎ అధికరణం చెబుతోంది. ఉమ్మడి అంటే అందులో మన వాటా కూడా ఉంది. ఈసారి సంఘం తరఫున ఎక్కడికి వెళ్ళినా నాలుగు ప్రశ్నలు అడగండి. ఇది కట్టినవాళ్ళెవరు? ఇక్కడ వండి, ఊడ్చి, నీళ్ళు మోసిందెవరు? ఈ కథను మొదట చెప్పిందెవరు, దానివల్ల ఎవరికి లాభం? ఇక్కడికి ఎవరిని రానివ్వలేదు?

మనమే వేషాలు కట్టి బడిపిల్లల ముందు చరిత్ర చెప్పే రోజు వస్తే రాణుల వేషాల కోసం పోటీపడవద్దు. ముందు ఒక బిందె తెచ్చుకుందాం. ఆనాడు గోల్కొండ దిగివస్తూ ఆ పెద్దావిడ నాతో అంది: "చప్పట్లు పైదాకా ఇనపడతాయన్నాడు కదండీ. మరి కింద నుంచి మడుసులు పిలిత్తే ఇనపడేదా అండీ?" ఆ ప్రశ్నను మీకు అప్పగించి సెలవు తీసుకుంటున్నాను.