రక్తపరీక్షలో నీలివర్ణము
(వార్షికోత్సవ సందర్భమున తలిదండ్రుల సభలో చేసిన ప్రసంగము)



పైకి స్పష్టముగా కనబడకమునుపే పెక్కు రోగముల జాడ రక్తములో దొరకును. అట్టి జాడలలో భాస్వర మొకటి. శిశువుల యెముకలు వంగు రికెట్సు వ్యాధిలో రక్తమందలి భాస్వరము సాధారణముగా తగ్గును. మూత్రపిండములు బాగుగా చెడినచో పెరుగును. మరి దానిని కొలుచుట యెట్లు?

హార్వర్డు వైద్యకళాశాలలో సైరస్ ఫిస్కేగారును, మన యల్లాప్రగడ సుబ్బారావుగారును 1925లో ఒక సులభమార్గమును ప్రకటించిరి. రక్తమునుండి మాంసకృత్తులను తొలగించి, మిగిలిన ద్రవమునకు మాలిబ్డేటును, పిదప వేరొక రసాయనమును చేర్చినచో నీలివర్ణము పుట్టును. భాస్వరము హెచ్చినకొలది నీలము చిక్కనగును. పరిమాణము తెలిసిన ద్రావణపు రంగుతో పోల్చి లెక్క కట్టుదురు. ఇదియే ఫిస్కే–సుబ్బారావు పద్ధతి. నేడు యంత్రములే కొలుచుచున్నను, పెక్కింటికి మాలిబ్డేటు చర్యయే ఆధారము.

ఇంత సూక్ష్మమైన కొలతను లోకమునకిచ్చిన సుబ్బారావుగారు మెట్రిక్యులేషనులో రెండుమార్లు తప్పిరి. మూడవమారు మదరాసు హిందూ హైస్కూలునుండి ఉత్తీర్ణులైరి. రెండవమారు తప్పినప్పుడే చదువు మాన్పించియున్నచో ఏమగును?

కావున మేము కోరునది యొక్కటే. పరీక్ష తప్పిన పిల్లవానిని వెంటనే బడి మాన్పింపకుడు. వైద్యుడు రోగకారణమును వెదకునట్లే, వాడు తప్పుటకు కారణమేమో మాతో కూర్చుండి విచారింపుడు. నేడు మన ప్రయోగశాలలో విద్యార్థులు ఫాస్ఫేటు ద్రావణముతో ఈ నీలివర్ణమును పుట్టించి చూపుదురు. మీరెల్లరు దయచేసి చూచి, వారిని ఆశీర్వదింప ప్రార్థన.