మగ్గము నిలిచిన దినముల కూలి
(వరంగల్లు వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



విద్యాభివృద్ధిని గూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. క్షమింపవలెను; నేను మజూరీని గూర్చియే మాటలాడెదను. కూలి చాలని యింట బాలుడు బడిలో నెన్నాళ్లు నిలుచును?

మన వరంగల్లు జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించినది. మనమందఱము సంతసించితిమి. కాని కొత్తవాడలో నా జంపఖానాను నేయువానికి మజూరీ నేసిన సరుకును బట్టి యందుచున్నదేగాని గడచిన దినములను బట్టి కాదు. నూలు వచ్చిన నేత. రాకున్న షావుకారు గుమ్మమున నిరీక్షణము. వారమున మూడు నాలుగు దినములే పని దొరకువానిని గూడ మనము పూర్తి పనివానిగానే లెక్కించుచున్నాము.

మగ్గమెక్కుటకు ముందు నూలునకు రంగు వేయవలెను, పడుగు పోయవలెను, అచ్చునకు పోగు లతుకవలెను, కండెలు చుట్టవలెను. ఈ కండెల పని తఱచుగా నింటి యాడువారి పాలు. మా తల్లి దీపము పెట్టినది మొదలు నడిరేయి వఱకు రాట్నముకడ కూర్చుండుట నేనెఱుగుదును. ఆమె పేర నొక్క పైసయు నే పద్దులోను లేదు. 2019-20 చేనేత గణనయందు దేశమున 35 లక్షలకు పైగా చేనేతపనివారు గలరనియు, వారిలో పదుగురి కేడుగురు స్త్రీలనియు తేలినది. మన సంఘపు పుస్తకములలో వారెందఱో వెదకి చూడుడు.

1934లో స్థాపింపబడిన ఆజంజాహి మిల్లు నడచినంత కాలము కార్మికునకు హాజరుపుస్తకమైన నుండెను. 2002లో నదియు మూతపడినది. మన యువకులు సూరతు, భీవండి మరమగ్గములకు వలసపోవుట యిప్పటి మాట కాదు.

పనివాడు సిద్ధముగా నుండియు, యజమాని పని చూపనందున దినములో కొంతసేపే పనిచేసినయెడల, వానికి పూర్తి దినపు కూలి చెల్లవలెనని 1948 నాటి కనీస వేతనముల చట్టము విధించెను. 2019 వేతనముల స్మృతిలోను ఆ ధర్మమే నిలుపబడినది. ఇంటి మగ్గమున కది వర్తించునా యని న్యాయవాదులు వాదింతురు కాబోలు. వాదింపనిండు. మనలో షావుకారు మేనమామ, నేతగాడు మేనల్లుడు. కూలి యిచ్చువాడును పుచ్చుకొనువాడును ఒకే పంక్తిని కూర్చుండు సభ యిది. ఇచ్చట నడుగక మఱెచ్చట నడుగుదుము?

నేనును కొన్ని మగ్గములకు నూలిచ్చి నేయించినవాడనే. నూలు ధర పెరిగినప్పుడెల్ల మగ్గముల నాపితిని. నా నష్టమును నేతగాని పొయ్యిమీదికి నెట్టుచున్నానని యప్పుడు నాకు తోపలేదు.

కావున కార్యవర్గమువారు ప్రతి వాడకు నొక పుస్తకము పెట్టించి, నూలందిన దినమును, మగ్గము నిలిచిన దినములను, కండెలు చుట్టినవారి పేరును వ్రాయింపవలెను. నూలు లేక నిలిచిన దినమునకు సగము మజూరీయైన చెల్లింతుమని షావుకారు లీ సభయందే తీర్మానింపవలెనని కోరుచున్నాను. గత సంవత్సరము నా మూలమున నిలిచిన మగ్గముల లెక్కను వ్రాసి తెచ్చితిని. దాని నిప్పుడే కార్యదర్శిగారి చేతికిచ్చుచున్నాను.