యూరియా వేశాక మేత గడ్డి మాడితే
(పాల సంఘాల సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



నేపియర్ గడ్డికి యూరియా చల్లిన మూడు నాలుగు రోజులకే ఆకు కొసలు మాడి, మడి గోధుమరంగుకు తిరిగిందని మాతో తరచు అంటుంటారు. తెగులనుకుని మందు కొట్టేవారూ ఉన్నారు. అది తెగులు కాదు, దండగ ఖర్చు.

యూరియాలో నూటికి 46 పాళ్లు నత్రజని. పదును లేని నేలలో అంత ఘాటు ఎరువు ఒకచోట పడితే ఉప్పులాగా వేళ్లలోని నీటిని లాగేస్తుంది. మంచు ఆరని ఆకుపై పడిన గుళిక అక్కడే అంటుకుని కాలుస్తుంది.

మాడిన మడికి నిండుగా నీరు పెట్టండి. మళ్లీ ఎరువు వేయకండి. దుబ్బు మొదలు పచ్చగా ఉంటే పిలకలు వస్తాయి. ఇకమీదట కోత అయ్యాక, తడి ఆరిన ఆకుపై పలుచగా చల్లి, వెంటనే నీరు కట్టండి.

మా అసలు భయం పశువు గురించి. యూరియా ఎక్కువై, నీరు చాలక వాడిన పైరులో, ముఖ్యంగా జొన్నలో, నైట్రేటు పేరుకుంటుంది. కాండం అడుగున మరీ ఎక్కువ. అది మితిమీరి తిన్న పశువు రక్తం చాక్లెట్ రంగుకు మారి ప్రాణవాయువును మోయలేదు. ఆయాసపడినా, తూలినా మేత ఆపి వెంటనే పశువైద్యునికి కబురు పెట్టండి. మిథిలీన్ బ్లూ ఇంజక్షను వేళకు పడితే బతికే అవకాశముంది.

ఎండబెడితే విషం పోతుందంటారు. జొన్నలోని నాము విషం ఎండితే తగ్గుతుంది. నైట్రేటు తగ్గదు. యూరియా బస్తా కడిగిన నీళ్లు కుడితి తొట్టిలో పడనీయకండి, అదీ విషమే.