విరగబోయే ఇనుము వేడెక్కుతుంది



మీ ఇంట్లో వెడల్పాటి రబ్బరు బ్యాండు ఉంటే ఒకటి చేతిలోకి తీసుకోండి. దాన్ని చప్పున బాగా సాగదీసి వెంటనే పై పెదవికి తాకించండి. వెచ్చగా తగులుతుంది. అలాగే సాగదీసి కాసేపు పట్టుకుని, చప్పున వదులు చేసి మళ్ళీ తాకించండి. ఈసారి చల్లగా ఉంటుంది. వేలితో అయితే అంతగా తెలియదు, పెదవికి తెలుస్తుంది. ఈ సంగతిని 1805లో ప్రచురించిన జాన్ గఫ్ అనే ఇంగ్లండు పండితుడు చిన్నతనంలోనే చూపు పోయినవాడు. కళ్ళున్నవాళ్ళు ఎవరూ పట్టించుకోని విషయం ఆయన పెదవికి దొరికింది.

ఇప్పుడు కట్టడాలకు వాడే సన్నటి కట్టు తీగ ఒక ముక్క తీసుకుని ఒకేచోట అటూ ఇటూ గబగబా పది పదిహేనుసార్లు వంచండి. వంచినచోట ముట్టుకుంటే సురుక్కుమంటుంది. ఇంకాస్త వంచితే విరుగుతుంది. ముందు వేడి, తర్వాత విరగడం. ఈ రోజు నేను మీతో చెప్పదలచుకున్నది ఈ వరుస గురించే.

దీని మీద నాకు ఆసక్తి పుట్టింది పుస్తకంలో కాదు, రోడ్డు మీద. మూడేళ్ళ కిందట మా బడి పిల్లలను 22 మందిని వ్యానులో విహారయాత్రకు తీసుకుపోతున్నాం. శూలగిరి దాటిన తర్వాత వెనక పెద్ద చప్పుడు వినిపించి, బండి ఒక పక్కకు ఒరిగిపోయింది. డ్రైవరు నిదానస్తుడు కాబట్టి మెల్లగా రోడ్డు పక్కకు తెచ్చి ఆపాడు. ఎవరికీ దెబ్బ తగలలేదు. చూస్తే కమాను పట్టీ రెండు ముక్కలైంది. ముందురోజు సాయంత్రం నేనే ఆయన్ను అడిగాను, బండి సరిగ్గా ఉందా అని. బాగుంది సార్ అన్నాడు. ఆయన అబద్ధం చెప్పలేదు. పైకి బాగానే ఉంది.

మేస్త్రీ వచ్చి ఆ ముక్కలు నా చేతిలో పెట్టి, విరిగిన ముఖం చూపించాడు. సగం భాగం నున్నగా, తుప్పు పట్టి, ఏటి ఒడ్డున నీళ్ళు తీసిన చారల్లా గీతలతో ఉంది. మిగతా సగం గరుకుగా, కొత్తగా మెరుస్తోంది. "సార్, ఇది ఈ పొద్దు ఇరిగింది గాదు. ఎప్పుడో ఇరగను మొదలుపెట్టింది. ఈ పొద్దు ముగిసింది" అన్నాడు.

బి.ఎడ్. చదివి, పద్దెనిమిదేళ్ళు భౌతికశాస్త్రం చెప్పిన నేను ఆ మాట ముందు కాసేపు ఏమీ మాట్లాడలేకపోయాను.

మోయగల బరువే మోస్తూ, పదే పదే ఊగడం వల్ల లోహం అలిసిపోయి విరగడాన్ని ఇంజనీర్లు ఫెటీగ్ అంటారు. పందొమ్మిదో శతాబ్దం మధ్యలో రైలు ఇరుసులు ఇలాగే విరిగి ప్రాణాలు పోతుంటే, ప్రష్యా రైల్వేలో పనిచేసిన ఆగస్ట్ వోలర్ ఏళ్ళ తరబడి పరీక్షలు చేసి దీన్ని లెక్కలోకి తెచ్చాడు. ఉక్కుకు ఒక హద్దు ఉంటుంది. ఆ హద్దుకు లోపల ఊపితే చాలాకాలం నిలుస్తుంది, దాటితే ఏదో ఒకనాడు విరుగుతుంది. ఆ హద్దు ఎక్కడుందో తెలుసుకోవడమే కష్టం. ఒక ముక్కను కోటిసార్లు ఊపి చూడాలి. సెకనుకు 30 సార్లు ఊపినా దాదాపు నాలుగు రోజులు పడుతుంది, అదీ ఒక్క ముక్కకు. నమ్మకమైన లెక్క రావాలంటే అలాంటివి పదీ పదిహేను ముక్కలు కావాలి.

ఇక్కడే పెదవి పని చేసే కెమెరా ఉపయోగపడుతుంది.

వేడిగా ఉన్న ప్రతి వస్తువూ, మంచుగడ్డతో సహా, కంటికి కనపడని కిరణాలు వెదజల్లుతూనే ఉంటుంది. 1800లో విలియం హెర్షెల్ సూర్యకాంతిని రంగులుగా విడదీసి, ఎరుపు అవతల ఏ రంగూ లేని చోట థర్మామీటరు పెడితే అక్కడా పాదరసం పైకి పోయింది. వీటిని తెలుగులో పరారుణ కిరణాలు అంటాం, అంటే ఎరుపుకు అవతలివి. నేను బడిలో తమిళంలో చెప్పేటప్పుడు అగచ్చివప్పు అంటాను, అంటే ఎరుపుకు లోపలివి. రెండు భాషల పిల్లలూ ఒకే గదిలో ఉంటే, అవతలా లోపలా అని ఏటా ఒక తగువు తప్పదు. 2020లో కరోనా వచ్చినప్పుడు అంగడి గుమ్మంలో మన నుదుటికి గురిపెట్టిన పరికరం పట్టుకున్నది ఈ కిరణాలనే. అది ఒక్క చోటు వేడి చెప్పేది. కెమెరా అయితే వేల చోట్ల వేడిని ఒకేసారి రంగుల బొమ్మగా చూపిస్తుంది.

అయితే ఎంత చిన్న వేడి చూడాలో గమనించండి. ఒక మిల్లీమీటరుకు కాస్త మించిన మందం గల ఇనుప తీగకు 10 కిలోల బరువు తగిలించామనుకోండి. రబ్బరు సాగితే వేడెక్కింది కదా, ఇనుము దానికి ఎదురు. సాగిన ఆ క్షణంలో చల్లబడుతుంది, అదీ ఒక డిగ్రీలో పదో వంతు. బరువు తీస్తే మళ్ళీ మామూలు స్థితికి వస్తుంది. ఎందుకిలా జరుగుతుందో 1850లలో విలియం థామ్సన్ లెక్క కట్టాడు, జూల్ కొలిచి చూశాడు. మంచి కెమెరా డిగ్రీలో యాభయ్యో వంతు తేడా పట్టగలదు. ఒకే ఊపును వందలసార్లు చూసి సరాసరి తీస్తే ఇంకా సూక్ష్మంగా పడుతుంది. అలా తీసిన బొమ్మలో, ముక్కలో ఏ మూల ఎక్కువ లాగుడు పడుతోందో తేటగా కనిపిస్తుంది. రంధ్రం అంచు, మడత, గీత పడినచోటు, అన్నీ.

ఈ వేడి, చల్లదనం చేబదులు లాంటివి. తీసుకున్నది తిరిగి ఇచ్చేస్తుంది, లెక్క సరిపోతుంది. కాని లోహం లోపల పొరలు శాశ్వతంగా జారడం మొదలైతే అది చేబదులు కాదు, ఖర్చు. లోహాన్ని అలా వంచడానికి పెట్టిన పనిలో అధిక భాగం, సుమారు 90 శాతం, వేడిగా మారుతుందని 1934లో టేలర్, క్విన్నీ అనే ఇద్దరు కొలిచారు. మన కట్టు తీగ సురుక్కుమన్నది ఇందుకే. ఈ వేడి తిరిగి రాదు, పోగవుతుంది.

ఇటలీలో రిసితానో బృందం, ఫ్రాన్సులో లువాంగ్ ఈ పోగయ్యే వేడినే ఆధారం చేసుకున్నారు. ముక్కను కొద్దిబరువుతో కొన్ని వేలసార్లు ఊపి, ఎంత వేడెక్కిందో చూస్తారు. బరువు కాస్త పెంచి మళ్ళీ చూస్తారు. మొదట్లో వేడి పెరిగీ పెరగనట్టు ఉంటుంది. ఒక బరువు దాటాక ఒక్కసారిగా ఎక్కుతుంది. ఆ మలుపే వోలర్ వెతికిన హద్దు అని వాళ్ళ వాదం. వారాలు పట్టే పని కొన్ని గంటల్లో, తక్కువ ముక్కలతో తేలుతుంది. చాలా రకాల ఉక్కులకు ఇది పాత పద్ధతికి దగ్గరగానే వచ్చింది. అన్ని లోహాలకూ అంత నమ్మకంగా రాదు. అందుకే ఇంజనీర్లు పాత పరీక్షను ఇంకా వదిలిపెట్టలేదు. నన్నడిగితే అదే మంచిది.

కెమెరాకూ బలహీనతలు ఉన్నాయి. తళతళలాడే ఇత్తడి బిందెను చూపిస్తే, బిందె వేడికి బదులు ఎదుట నిలబడ్డ మన ఒంటి వేడిని చూపిస్తుంది. అందుకే ప్రయోగశాలలో ముక్కకు మెరవని నల్లరంగు పూస్తారు. గాలి తగలకూడదు, ఎండ పడకూడదు. పైగా అది చూసేది పైపొరనే. లోపల ఎక్కడో మొదలైన పగులు వేడి పైకి వచ్చేదాకా దానికి తెలియదు.

మన సిప్కాట్ ఫ్యాక్టరీలలో పనిచేసే పిల్లలు వింటున్నట్లయితే, వాళ్ళకు ఒక ప్రశ్న రావచ్చు. ఈ కెమెరా ఉంటే మీ వ్యాను పట్టీ విరగబోతోందని ముందే చెప్పేదా సార్ అని. రోడ్డు మీద, బురదా తుప్పూ పట్టిన పట్టీని చూసి చెప్పడం దాదాపు అసాధ్యం. కాని ఆ పట్టీని తయారుచేసే ముందు, ఆ ఉక్కు ఎంత ఊపు తట్టుకుంటుందో, ఏ రంధ్రం దగ్గర లాగుడు ఎక్కువ పడుతుందో చెప్పగలదు. రోడ్డు మీది పని ఇప్పటికీ మేస్త్రీదే. ఆయన మా వ్యాను మిగతా పట్టీలను ఎలా చూశాడో చెప్తాను. శుభ్రంగా తుడిచి, కిరసనాయిలు రాసి, మళ్ళీ తుడిచి, పైన సుద్దపొడి చల్లాడు. పగులు ఉన్నచోట లోపల దాగిన నూనె మెల్లగా పైకి ఊరి, తెల్లటి సుద్ద మీద సన్నటి నల్లగీత తేలింది. రెండో పక్క పట్టీలో కూడా ఒకటి తేలింది. దాన్నీ మార్పించాం.

విరిగిన ఆ రెండు ముక్కలూ మా బడి సైన్సు గదిలో బల్ల మీద ఉన్నాయి. ప్రతి ఏడూ తొమ్మిదో తరగతి పిల్లలకు ముందు అవి చూపించి, ఆ తర్వాతే కట్టు తీగ చేతికిస్తాను.