వెన్నదేవి పువ్వు, మూడో రేకు



నాకిచ్చిన కాసేపట్లో ఒక కలుపుమొక్క గురించి చెబుతాను. నవ్వకండి. వానలు పడగానే మన మార్టూరు చుట్టుపక్కల పత్తి, మిరప చేలల్లో మొలిచే వెన్నదేవికూర అది. కొందరు వెన్నవెదురు అంటారు, కొందరు అమృతకాడ అంటారు. చెట్ల నీడన, కాలవ గట్టున, తేమ ఉన్నచోటల్లా పాకుతుంది. నీలి పువ్వు పొద్దున విచ్చుకుని మధ్యాహ్నానికల్లా ముడుచుకుపోతుంది. రేకులు మూడు. రెండు పెద్దవి. మూడోది చిన్నది, వంగి చూస్తేగానీ కనపడదు.

శాస్త్రంలో దీని పేరు కొమ్మెలినా బెంగాలెన్సిస్. కొమ్మెలినా అన్నది ఒక ఇంటిపేరు. ఆమ్‌స్టర్‌డామ్‌లో కొమ్మెలిన్ కుటుంబం ఉండేది. యాన్, అతని సోదరుడి కొడుకు కాస్పర్ మొక్కల శాస్త్రంలో పేరు తెచ్చుకున్నారు. ప్లూమియే అనే ఫ్రెంచి పండితుడు వాళ్ల ఇంటిపేరే దీనికి పెట్టాడు. 1737లో లిన్నేయస్ దాన్ని చమత్కారంగా వివరించాడు: పెద్ద రేకులు రెండూ ఆ ఇద్దరట, చిన్న రేకు ఏమీ సాధించకముందే చనిపోయిన మూడో కొమ్మెలిన్ అట!

ఏమీ చేయకుండా పోయినాయనకు కూడా ఒక రేకు దక్కింది. మరి దీన్ని తరతరాలుగా చేతులతో పీకిన మన ఆడవాళ్లకు?

వాళ్లకు ఈ మొక్క గుట్టంతా తెలుసు. పీకి అక్కడే పడేస్తే తేమ తగిలి కణుపు దగ్గర మళ్లీ వేరేస్తుంది. అందుకే చేను బయటికి మోస్తారు. మేకలకు వేస్తారు, లేతాకు పప్పులో వేస్తారు. పైన పూసేవి కాక, మట్టిలోపల విచ్చుకోని పూలు కూడా పూసి అక్కడే గింజ కడుతుంది. గ్లైఫోసేట్ మందుకు అంత తేలిగ్గా లొంగదు. పక్కనున్న కలుపు చస్తే దీనికే చోటు పెరుగుతుంది. కానీ మందు వచ్చాక కలుపు కూలి తగ్గింది. చేలోకి వెళ్లని పిల్లలకు ఇదీ గడ్డే, అదీ గడ్డే.

అందుకని ఒక్కటే అడుగుతున్నాను. ఎరుకల, యానాది, లంబాడీ ఇళ్లల్లో దీన్ని ఏమంటారో మీ అమ్మమ్మల్ని, నాయనమ్మల్ని అడిగి రాసి తెండి. ఎరుకల మాటలోది ఎరుకల మాటలోనే, గోర్‌బోలిలోది గోర్‌బోలిలోనే రాయండి, తెలుగు చేయొద్దు. వాళ్లను చేను గట్టుకు తీసుకెళ్లి పువ్వు చూపించి అడిగితే ఇంకా మంచిది. కాకపోతే పెందలాడే వెళ్లండి. ఎండెక్కితే పువ్వు ఉండదు.