బొమ్మల ప్రోగ్రాముకు మార్పుల చిట్టా

2005లో లైనస్ టోర్వాల్డ్స్ రాసిన గిట్, ప్రోగ్రాములో ఎవరు ఏ వరుస మార్చారో చూపిస్తుంది. అసలు వరుసలే లేకపోతే? అమెరికాలో, టెక్సస్‌లోని ఆస్టిన్ నగరానికి చెందిన నేషనల్ ఇన్‌స్ట్రుమెంట్స్ 1986లో విడుదల చేసిన ల్యాబ్‌వ్యూలో ప్రోగ్రామంటే తీగలతో కలిపిన బొమ్మలు. ఆ ప్రోగ్రాము ఫైలు బైనరీ, అంటే అక్షరాల్లో రాసింది కాదు. గిట్ దాన్ని భద్రంగానే దాస్తుంది కానీ, మారిందని చెప్పడమే తప్ప ఏం మారిందో చెప్పలేదు.

తప్పు బొమ్మలదే అనేవారున్నారు. నన్నడిగితే తప్పు వాటిని దాచే పద్ధతిది. ల్యాబ్‌వ్యూ ఫైల్లో మనిషి గీసిన బొమ్మతో పాటు యంత్రం తయారుచేసుకున్న కోడ్ కూడా కలిసి ఉండేది. దాంతో ఒక ఫైలు దిద్దితే ఎవరూ ముట్టని ఫైళ్లు కూడా మారినట్టు కనిపించేవి. 2010 వెర్షన్‌లో ఆ రెంటినీ విడదీసే వీలు వచ్చింది. పోనీ, అక్షరాల్లో దాస్తే సరిపోతుందా? అదీ పూర్తిగా కాదు. బ్లాకులు పేర్చి ప్రోగ్రాము తయారుచేసే, ఎంఐటీలో పుట్టిన స్క్రాచ్ 3 ఫైలు నిజానికి జిప్ మూట, లోపల ప్రోగ్రాము ఉన్నది జేసన్ అనే అక్షర రూపంలోనే. అయినా బ్లాకుల గుంపును కాస్త పక్కకు జరిపితే చాలు, దాని స్థానం చెప్పే అంకెలు మారిపోతాయి. అది చేసే పని మాత్రం మారదు. బొమ్మల్ని పోల్చే సాధనాలు ల్యాబ్‌వ్యూలోనే ఉన్నాయిగా అనవచ్చు. ఉన్నాయి, తేడా చూడటానికి పనికొస్తాయి కూడా. కానీ ఇద్దరు ఒకే బొమ్మను దిద్దినప్పుడు ఎవరి తీగ ఉంచాలో తేల్చడం ఇంకా మనిషి పనే. అందాకా ఒక ఫైలు ఒకసారికి ఒకరి చేతిలోనే ఉండేలా తాళం వేసుకోవడం, పాత పద్ధతే అయినా, మేలు.