మూలపెట్టే మోటారు సైకిలు



పొలానికి ఎరువు మోయాలన్నా, సంతకు కూరగాయలు చేర్చాలన్నా ఈనాడు మనకు మోటారు సైకిలే ఆధారం. అయితే నాలుగైదు నెలలు ఊరు విడిచి వెళ్ళేటప్పుడు దాన్ని ఏం చేస్తున్నాం? తాళం వేసి మూలకు నెట్టిపోతున్నాం. తిరిగే బండికన్నా నిలిచిన బండే త్వరగా చెడుతుందని నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను.

ఒకసారి శిక్షణకు వెళుతూ నా బండిని యూరియా బస్తాల గదిలో ఉంచాను. ఆరు నెలలకు వచ్చి చూస్తే చక్రాలు, సైలెన్సరు తుప్పుపట్టాయి, ఎలుకలు వైర్లు కొరికాయి, బ్యాటరీ చచ్చిపోయింది. నాట్ల రోజుల్లో పొలాలు తిరగవలసినవాణ్ణి బస్సుల కోసం నిలబడ్డాను. ఎరువు గాలిలోని తేమను లాగుతుంది. ఆ తేమ ఇనుమును తింటుంది. ధాన్యమున్నచోటికి ఎలుకలు వస్తాయి. అందుచేత ఆ రెండూ లేని పొడి గదే బండికి మంచిది.

ముందుగా బురద, ఎరువు మరకలు పోయేలా కడిగి బాగా ఆరనివ్వండి. చెయినును కిరసనాయిలుతో తుడిచి నూనె రాయండి. ఇంజన్ ఆయిలును “వచ్చాక మార్చుకుందాంలే” అనకండి. వాడిన ఆయిలులో ఆమ్లాలు, నెమ్ము ఉంటాయి. వెళ్ళేముందే మార్చి, రెండు మూడు నిమిషాలు ఇంజను నడపండి.

ఇక పెట్రోలు. 2025 నాటికి మన బంకుల్లో నూటికి 20 వంతులు ఇథనాలు కలిసిన పెట్రోలు వచ్చింది. ఇది మన చెరకు, మొక్కజొన్నల నుంచి తీసేదే గాని, నీటిని పీల్చుకుంటుంది. ట్యాంకు సగం ఖాళీగా ఉంటే తేమగాలి చేరుతుంది. కనుక దాదాపు నిండుగా పోయించండి. కార్బరేటరు బండి అయితే పెట్రోలు ట్యాపు కట్టి, ఇంజను దానంతటదే ఆగేదాకా నడపండి. నిండు ట్యాంకున్న బండి దగ్గరకు పొయ్యి, దీపం, బీడీ రానివ్వకండి. గల్ఫు వంటి చోట్లకు ఏడాదికి పైగా వెళ్ళేవారు మెకానిక్కు చేత ట్యాంకు ఖాళీ చేయించడం మేలు.

ఇంజను చల్లారాక స్పార్కు ప్లగ్గు తీసి, ఒక చెంచాడు ఇంజన్ ఆయిలు లోపల పోయండి. తాళం ఆపే ఉంచి, నాలుగుసార్లు మెల్లగా కిక్కు తొక్కి, ప్లగ్గు బిగించండి. లోపల తుప్పు పట్టదు.

బ్యాటరీని విప్పి ఇంట్లో పెట్టండి. విప్పేటప్పుడు ముందు మైనస్ వైరు, బిగించేటప్పుడు ముందు ప్లస్ వైరు. నెలకొకసారి ఛార్జింగు పెట్టించండి. టైర్లలో గాలి సరిగా నింపి, నడిమి స్టాండు వేయండి. కప్పడానికి నూలుగుడ్డ వాడండి. ప్లాస్టిక్ పట్టా కింద చెమ్మ నిలుస్తుంది. సైలెన్సరు మూతికి గుడ్డ కుక్కి, మరిచిపోకుండా హ్యాండిలుకు ఒక చీటీ కట్టండి.

చివరిగా ఒక మాట. “వారానికోసారి స్టార్టు చెయ్యరా” అని పిల్లవాడికి చెప్పి వెళతాం. రెండు నిమిషాల నడకకు ఇంజను వేడెక్కదు. నీటి ఆవిరి సైలెన్సరులో, ఆయిలులో మిగిలిపోతుంది. అంతకన్నా కదపకుండా ఉంచడమే నయం.

ఈ పనులన్నీ ఒక్క పూట పనులు. ఆ పూట కేటాయిస్తే, తిరిగి వచ్చి బ్రేకులు, గాలి, బీమా గడువు చూసుకుని, మర్నాడే పొలం దారి పట్టవచ్చు.